ల్యాబ్‌లో గోల్డ్ నానోపార్టికల్స్ ఎలా చేయాలి: మొదటి బ్యాచ్‌లోనే ఎర్ర రంగు రావాలంటే

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, ఎంఎస్సీ పిల్లల నుంచి ఒకటే ప్రశ్న. "సార్, అన్నీ పేపర్లో ఉన్నట్టే చేశాం, కానీ ఎరుపు రాలేదు, నేరేడు రంగు వచ్చింది. ఎందుకు?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. గోల్డ్ నానోపార్టికల్స్ అంటే కొన్ని నానోమీటర్ల సైజులో ఉండే బంగారు రేణువులు, నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ముందే ఒక మాట. ఈ పనిలో రసాయనం చాలా తేలిక. రెండు ద్రావణాలు, ఒక హాట్ ప్లేట్ ఉంటే చాలు. ఫెయిలయ్యేదంతా గాజు సామాను శుభ్రత దగ్గర, నీళ్ళ దగ్గర. అందుకే అసలు ప్రయోగం కంటే కడగడం గురించే ఎక్కువ రాశాను. విసుగనిపించినా ఆ భాగం దాటేయకండి.

ఇక్కడ చెప్పేది సిట్రేట్ పద్ధతి. 1951లో టర్కెవిచ్ బృందం దీన్ని వివరంగా పరిశీలించింది. 1973లో ఫ్రెన్స్ సిట్రేట్ మోతాదు మార్చి రేణువు సైజును మార్చవచ్చని చూపించాడు. కొత్తవాళ్ళకు ఇప్పటికీ నేను సూచించేది ఇదే. ఇందులో విషపూరితమైన సాల్వెంట్లు లేవు, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, తప్పు జరిగితే రంగే చెప్పేస్తుంది.

థియరీ రెండు మాటల్లో. సిట్రేట్ బంగారు అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మారుస్తుంది. ఏర్పడిన రేణువుల చుట్టూ అదే సిట్రేట్ చేరి రుణావేశంతో వాటిని ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది. ఇంత చిన్న రేణువు మీద వెలుగు పడితే దానిలోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి. ఆ ఊపు 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగును మింగేస్తుంది, మన కంటికి మిగిలేది ఎరుపు. రేణువులు దగ్గరికి చేరి గుంపు కడితే మింగే వెలుగు 600 దాటిపోతుంది, ద్రావణం నీలంగా కనిపిస్తుంది. అంటే విడివిడిగా ఉంటే ఎరుపు, అతుక్కుంటే నీలం. ఇది గుర్తుంటే మిగతా అంతా అర్థమవుతుంది.

కావలసినవి

- గోల్డ్ క్లోరైడ్, 1 గ్రాము సీసా. దీని అసలు పేరు టెట్రాక్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్. లేబుల్ మీద గోల్డ్ క్లోరైడ్ ట్రైహైడ్రేట్ అని ఉన్నా అదే. అందులో బంగారం అర గ్రామే, మిగతాది క్లోరిన్, నీరు.
- ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్. సిట్రిక్ యాసిడ్, అంటే వంటింట్లోని నిమ్మ ఉప్పు, దీనికి బదులుగా వాడకూడదు. సీసా మీద పేరు రెండుసార్లు చదవండి.
- డబుల్ డిస్టిల్డ్ వాటర్, లేదా ల్యాబ్‌లోని అల్ట్రాప్యూర్ వాటర్. ఆర్‌ఓ నీళ్ళు, మినరల్ వాటర్ బాటిల్, షాపులో అమ్మే బ్యాటరీ నీళ్ళు ఏవీ పనికిరావు.
- 250 మి.లీ. గుండ్రటి అడుగు ఫ్లాస్క్, కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి తిరిగి ఫ్లాస్క్‌లోకే దించే గొట్టం). కండెన్సర్ లేకపోతే కోనికల్ ఫ్లాస్క్ మీద వాచ్ గ్లాస్ బోర్లించినా సరిపోతుంది.
- మాగ్నెటిక్ స్టిర్రర్ ఉన్న హాట్ ప్లేట్, బీడ్ (ఫ్లాస్క్‌లో తిరుగుతూ ద్రావణాన్ని కలిపే, టెఫ్లాన్ తొడుగున్న చిన్న అయస్కాంతం), మైక్రోపిపెట్లు, 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్, రెండు గోధుమ రంగు సీసాలు.
- గ్లవ్స్, కళ్ళద్దాలు, కోటు. గోల్డ్ క్లోరైడ్ చర్మాన్ని కాలుస్తుంది. చుక్క పడితే అప్పటికప్పుడు ఏమీ కనబడదు, తర్వాత ఊదా మచ్చ తేలి రోజుల తరబడి పోదు.

1. గాజు సామాను కడగడం

పద్ధతి ప్రకారమైతే ఆక్వా రీజియాతో కడగాలి. అది మూడు వంతుల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక వంతు గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపిన మిశ్రమం, బంగారాన్ని కూడా కరిగించేస్తుంది. ఫ్యూమ్ హుడ్‌లో (విషపు పొగలను బయటికి లాగే ల్యాబ్ అరలో) మాత్రమే కలపండి. హైడ్రోక్లోరిక్‌లోకి నైట్రిక్‌ను మెల్లగా పోయండి. దాన్ని ఎప్పుడూ మూతపెట్టిన సీసాలో దాచకండి. లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, సీసా పగులుతుంది. అసిటోన్, ఆల్కహాల్ లాంటివి ఆ దరిదాపుల్లో కూడా ఉండకూడదు. అసిటోన్‌తో కడిగిన ఫ్లాస్క్‌ను తడి ఆరకుండా ఆక్వా రీజియాలో వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మొదటిసారి చేస్తుంటే పక్కన సీనియర్ ఎవరైనా ఉండాల్సిందే. ఒంటరిగా వద్దు.

ఫ్లాస్క్, బీడ్, కండెన్సర్ కింది భాగం పావుగంట నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కనీసం ఏడెనిమిది సార్లు తొలవండి. కడిగిన గాజు మీద నీళ్ళు పలుచటి పొరలా జారాలి. చుక్కలు చుక్కలుగా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే.

డిగ్రీ కాలేజీల్లో ఆక్వా రీజియా వాడే వీలుండదు. అలాంటప్పుడు ఈ పని కోసమే ఒక కొత్త బోరోసిలికేట్ ఫ్లాస్క్, ఒక కొత్త బీడ్ కేటాయించండి. సబ్బు నీళ్ళతో కడిగి, బాగా తొలిచి, ఇంకే పనికీ వాడకండి. పాత బ్యాచ్ వల్ల లోపలి గోడకు పట్టిన బంగారు మరకను అయోడిన్, పొటాషియం అయొడైడ్ కలిపిన ద్రావణం కరిగిస్తుంది. కాస్త ఓపిక కావాలి, కానీ ఆక్వా రీజియా కంటే ఎంతో సురక్షితం.

బీడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను ప్రాజెక్టు చేసే రోజుల్లో వరసగా తొమ్మిది బ్యాచ్‌లు నేరేడు రంగులోనే వచ్చాయి. గోల్డ్ క్లోరైడ్ పాతదనుకుని కొత్త సీసా తెప్పించాం, నీళ్ళు మార్చాం, సిట్రేట్ మార్చాం. చివరికి ఒక సాయంత్రం బీడ్‌ను కిటికీ దగ్గర వెలుగులో తిప్పి చూస్తే, తెల్లటి టెఫ్లాన్ మీద వెంట్రుకంత నల్ల గీత కనిపించింది. అంతకుముందు ఎవరో సిల్వర్ నానోపార్టికల్స్‌కు వాడిన బీడ్ అది. ఆ పగుల్లో ఇరుక్కున్న వెండే మా బంగారాన్ని పాడుచేసింది. బీడ్ మార్చిన రోజే ఎరుపు వచ్చింది. కాబట్టి గీత పడిన బీడ్, బూడిద రంగుకు తిరిగిన బీడ్ చెత్తబుట్టలో వేయండి. అది వంద రూపాయల వస్తువు, గోల్డ్ క్లోరైడ్ సీసా వేలల్లో ఉంటుంది.

2. స్టాక్ ద్రావణాలు

గోల్డ్ క్లోరైడ్‌ను తూకం వేసే ప్రయత్నం చేయకండి. గాలి తగిలితే చెమ్మ పీల్చుకుని బెల్లంలా జారిపోతుంది, మీరు తూచేది బంగారమో నీళ్ళో తెలియదు. స్టీల్ స్పాచులా ముంచితే ఆ లోహం మీదే బంగారం చేరి నల్లబడుతుంది. 1 గ్రాము సీసా మూత తీసి, అందులోనే పిపెట్‌తో నీళ్ళు పోసి కరిగించి, 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లోకి మార్చండి. సీసాను మూడుసార్లు తొలిచి ఆ నీళ్ళు కూడా అందులోనే పోసి, గీత వరకు నింపండి. ఇది 1 శాతం స్టాక్, సుమారు 25 మిల్లీమోలార్. గోధుమ సీసాలో, ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంటుంది. సీసా మీద తేదీ రాయండి.

సిట్రేట్ 0.5 గ్రాము తూచి 50 మి.లీ. నీళ్ళలో కరిగించండి. ఇదీ 1 శాతమే. దీన్ని మాత్రం ఏ రోజుకు ఆ రోజు చేసుకోవాలి. సిట్రేట్ సూక్ష్మజీవులకు మంచి ఆహారం. వారం రోజుల సీసాను వెలుగుకు పెట్టి చూడండి, దూది పోగుల్లాంటివి తేలుతుంటాయి.

3. మరిగించడం

ఫ్లాస్క్‌లో 99 మి.లీ. నీళ్ళు, 1 మి.లీ. గోల్డ్ స్టాక్ పోయండి. లేత నిమ్మ పసుపు రంగులో ఉంటుంది. బీడ్ వేసి, కండెన్సర్ పెట్టి, బాగా తిప్పుతూ వేడి చేయండి. నీళ్ళు తెర్లాలి. అంచుల్లో చిన్న బుడగలు రావడం మరగడం కాదు. అన్నం ఎసరులా కళపెళలాడే వరకు ఆగండి, ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు ఆగండి.

ఈ 100 మి.లీ.లో ఉన్న బంగారం 5 మిల్లీగ్రాములే, వడ్ల గింజ బరువులో సుమారు నాలుగో వంతు. అయినా బ్యాచ్ పూర్తయ్యాక ఒక్కో మిల్లీలీటరులో లక్షన్నర కోట్ల రేణువులు ఉంటాయి.

4. సిట్రేట్ కలపడం

2 మి.లీ. సిట్రేట్ ద్రావణాన్ని ముందే పిపెట్‌లోకి తీసి సిద్ధంగా ఉంచుకోండి. కండెన్సర్ పక్కకు జరిపి, ఒక్క ఊపున పోసేయండి. చుక్కలు చుక్కలుగా వద్దు. మెల్లగా పోస్తే ముందు పుట్టిన రేణువులు పెరుగుతుంటే వెనక కొత్తవి పుడుతుంటాయి, సైజులన్నీ కలగాపులగం అవుతాయి. పోసిన వెంటనే కండెన్సర్ మళ్ళీ పెట్టండి, గడియారం చూసుకోండి.

5. రంగు గమనించడం

ఫ్లాస్క్ వెనక ఒక తెల్ల కాగితం నిలబెట్టండి. ముందు పసుపు పోయి నీళ్ళలా తేటబడుతుంది. పాడైపోయిందని చాలామంది ఇక్కడే హడావిడి పడతారు. ఏమీ కాలేదు, ఆగండి. కాసేపటికి మబ్బు పట్టినట్టు లేత బూడిద రంగు వస్తుంది, అది ముదిరి సిరా నీలం, ఆ తర్వాత నేరేడు రంగు. ఆపైన ఊదా విరిగి ఎరుపు పైకి తేలుతుంది. రెండు నుంచి ఐదు నిమిషాల్లో ద్రావణం దానిమ్మ గింజ రంగులో స్థిరపడాలి. నేరేడు దగ్గర ఆపేస్తే నేరేడు దగ్గరే ఉండిపోతుంది. అందుకే ఎరుపు వచ్చాక కూడా మరో 15 నిమిషాలు మరగనివ్వండి.

ఎన్నిసార్లు చేసినా ఈ ఐదు నిమిషాలు నేను ఫ్లాస్క్ దగ్గర నుంచి కదలను. తరగతికి చూపించదగ్గ ప్రయోగం ఇంతకు మించి నాకు కనబడలేదు.

6. చల్లార్చి దాచడం

వేడి ఆపి, తిప్పడం మాత్రం ఆపకుండా గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. ఐసులో పెట్టకండి. వాచ్ గ్లాస్‌తో చేసినవాళ్ళకు కొన్ని మిల్లీలీటర్లు ఆవిరై ఉంటాయి, కాబట్టి కొలిచి 100 మి.లీ.కు సరిచేయండి. శుభ్రమైన గోధుమ సీసాలో పోసి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. ఫ్రీజర్‌లో పెడితే మాత్రం బ్యాచ్ పోయినట్టే. గడ్డకట్టేటప్పుడు రేణువులన్నీ ఒకచోటికి నెట్టబడి అతుక్కుంటాయి. కరిగాక అడుగున నల్లటి పొడి, పైన తేట నీళ్ళు మిగులుతాయి. ఎంత కలిపినా తిరిగి రాదు.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మొదట కంటితోనే. గ్లాసును వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే స్వచ్ఛమైన ఎరుపు కనబడాలి, మడ్డి ఉండకూడదు. గోధుమ ఛాయ, ఊదా ఛాయ ఉంటే అనుమానించండి. లైట్లు ఆర్పి ఎర్ర లేజర్ పాయింటర్ పక్క నుంచి వేస్తే ద్రావణంలో కిరణం దారి సన్నగా కనిపిస్తుంది, ఉత్త నీళ్ళలో కనిపించదు. ఇది ఇంటర్‌లో చదువుకున్న టిండాల్ ప్రభావమే. కిరణం ఎవరి కంట్లోనూ పడకుండా చూసుకోండి.

అసలు పరీక్ష యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, అంటే ద్రావణం ఏ వెలుగును ఎంత మింగుతుందో గీత గీసి చూపించే పరికరం. డిస్టిల్డ్ వాటర్‌ను బ్లాంక్‌గా (పోల్చడానికి సున్నాగా) పెట్టి 400 నుంచి 800 నానోమీటర్ల వరకు స్కాన్ చేయండి. ఈ పరిధికి ప్లాస్టిక్ క్యువెట్ (ద్రావణం పోసి పెట్టే చిన్న చతురస్రపు గొట్టం) చాలు. మూడు విషయాలు చూడాలి.

పీక్, అంటే గీత శిఖరం, ఎక్కడుంది? 15 నానోమీటర్ల సైజుకు 518 నుంచి 520 దగ్గర. 40 సైజుకు 530 అటూ ఇటూ, 100 దగ్గరికి వెళ్తే 570 దాకా జరుగుతుంది.

పీక్ తర్వాత ఏం జరిగింది? 650 దాటాక గీత దాదాపు నేలకు దిగాలి. 600, 700 మధ్య భుజంలా ఎత్తు కనబడితే గుంపులు కట్టాయి. పీక్ 520లోనే ఉంది కదా అని చాలామంది ఈ భుజాన్ని పట్టించుకోరు. అక్కడే మోసపోతారు.

400 దగ్గర విలువ ఎంత? ఒక సెంటీమీటరు క్యువెట్‌లో సుమారు 0.6 రావాలి. మనం వేసిన బంగారమంతా లోహంగా మారిందనడానికి అది గుర్తు. 0.4 వచ్చిందంటే కొంత బంగారం అయాన్‌గానే మిగిలింది, లేదా ఫ్లాస్క్ గోడకు పట్టింది, లేదా స్టాక్ పలుచనైంది.

టెమ్ (రేణువులను నేరుగా చూపించే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) అందుబాటులో లేనివాళ్ళకు ఒక చిట్కా. పీక్ దగ్గరి విలువను 450 దగ్గరి విలువతో భాగించండి. 1.5 వస్తే 10 నానోమీటర్ల దగ్గర, 1.6 వస్తే 15 దగ్గర, 1.7 వస్తే 20 దగ్గర అనుకోవచ్చు. గుండ్రటి, విడివిడి రేణువులకే ఇది వర్తిస్తుంది, భుజం ఉన్న స్పెక్ట్రంకు వేయకండి. ఇక డీఎల్‌ఎస్ (డైనమిక్ లైట్ స్కాటరింగ్, వెలుగు చెదరడాన్ని బట్టి సైజు కొలిచే పద్ధతి) సైజు టెమ్ సైజు కంటే ఎక్కువ చూపిస్తే టెన్షన్ పడకండి. అది రేణువుతో పాటు చుట్టూ అంటిపెట్టుకున్న పొరను కూడా కలిపి కొలుస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నేరేడు లేదా నీలం రంగులోనే ఆగిపోయింది: పదింట ఎనిమిది సార్లు కారణం మురికి గాజు, బీడ్, లేదా లవణాలున్న నీళ్ళు. తర్వాతి అనుమానం సిట్రేట్ తక్కువ పడటం. ఇంకాస్త సిట్రేట్ పోస్తే ఎరుపవుతుందా అని అడుగుతారు. ఒకసారి అతుక్కున్నవి విడిపోవు. కొత్తగా మొదలుపెట్టండి.

పది నిమిషాలైనా రంగే రాలేదు: నీళ్ళు నిజంగా మరుగుతున్నాయా? గోల్డ్ స్టాక్ వేయడం మరిచారా? సిట్రేట్‌కు బదులు పొరపాటున సిట్రిక్ యాసిడ్ వేశారా? హాట్ ప్లేట్ మీద 100 అని కనిపించేది ప్లేటు వేడి, నీళ్ళ వేడి కాదు. నీళ్ళు తెర్లాలంటే ప్లేటు అంతకంటే చాలా ఎక్కువ వేడిగా ఉండాలి.

ఫ్లాస్క్ లోపల బంగారు అద్దంలా మెరుపు వచ్చింది: గాజు మీద గీతలు లేదా పాత మరక ఉంది. అక్కడే బంగారం పేరుకుంది.

మొదటి రోజు ఎరుపు, మూడో రోజు అడుగున నల్లటి మడ్డి: సీసా శుభ్రంగా లేదు, లేదా మధ్యలో ఎవరో వాడిన పిపెట్ టిప్‌నే మళ్ళీ ముంచారు. స్కాన్ కోసం పలుచన చేయాలంటే ఉత్త నీళ్ళకు బదులు 2 మిల్లీమోలార్ సిట్రేట్ వాడండి. సెలైన్, బఫర్ లాంటివి మాత్రం కలపకండి.

సైజు మార్చాలంటే

మిగతా అంతా అలాగే ఉంచి సిట్రేట్ ఒక్కటే మార్చండి. ఫ్రెన్స్ ఇచ్చిన లెక్కను 100 మి.లీ.కు మారిస్తే ఇలా ఉంటుంది: 2 మి.లీ.కు సుమారు 16 నానోమీటర్లు, 1.5కు 24, 1కి 41, 0.6కు 71. సిట్రేట్ తగ్గిన కొద్దీ రంగు రావడానికి ఆలస్యమవుతుంది, సైజుల్లో తేడాలు పెరుగుతాయి, గుండ్రదనం పోతుంది. 40 దాటి కావాలంటే ఈ పద్ధతితో కుస్తీ పట్టకండి. 15 సైజు రేణువులను విత్తనాలుగా వేసి, వాటి మీద మెల్లగా బంగారం పెంచే పద్ధతి నేర్చుకోండి.

తులసి, వేప ఆకుల కషాయంతో చేయొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. రేణువులు వస్తాయి. 2004లో పూణేలోని నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీ బృందం నిమ్మగడ్డి కషాయంతో త్రికోణాకారపు బంగారు రేణువులు చేసి చూపించింది. కానీ ఆకు లేతదా ముదురుదా, ఏ నెలలో కోశారు అనే దాన్ని బట్టి ఫలితం మారుతుంది. ముందు సిట్రేట్‌తో చేయి తిరిగాక ఆకుల జోలికి వెళ్ళండి. లేకపోతే తప్పు ఆకుదో మీదో తేల్చుకోలేరు.

ఉపయోగం చూపించే చిన్న పరీక్ష

రెండు చిన్న గొట్టాల్లో ఒక్కో మిల్లీలీటరు ఎర్ర ద్రావణం తీసుకోండి. రెండోదానిలో మాత్రం గోరువెచ్చని నీళ్ళలో కరిగించిన 0.1 శాతం జెలటిన్ ఒక చుక్క వేసి, కలిపి, ఐదు నిమిషాలు ఆగండి. ఇప్పుడు రెండింటిలోనూ 10 శాతం ఉప్పు నీళ్ళు 0.1 మి.లీ. చొప్పున వేయండి. మొదటిది క్షణాల్లో నీలమవుతుంది. ఉప్పు ఆవేశాలను కప్పేయడంతో రేణువులు అతుక్కున్నాయి. రెండోది ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే జెలటిన్ రేణువులకు తొడుగులా పట్టింది. గోల్డ్ నంబర్ (ఇలాంటి పదార్థం రేణువులను ఎంత బాగా కాపాడుతుందో చెప్పే కొలత) అని పుస్తకంలో బట్టీ పట్టేదాని వెనక ఉన్న పరీక్ష ఇదే. దాన్ని ప్రవేశపెట్టిన జిగ్మాండీ 1925 రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నాడు.

ప్రెగ్నెన్సీ కిట్ మీద, కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న ర్యాపిడ్ కిట్ మీద వచ్చే ఆ గులాబీ గీత చాలా కిట్లలో బంగారు రేణువులదే. జెలటిన్‌కు బదులు యాంటీబాడీని తొడిగి, వెతుకుతున్న పదార్థం దొరికిన చోట వాటిని ఆపుతారు. ఆగిన చోట గీత కనబడుతుంది. పాలలో మెలమైన్ కల్తీని పట్టే పరీక్షల్లో మాత్రం రెండో గుణం వాడతారు. మెలమైన్ ఉంటే రేణువులు గుంపు కట్టి ఎరుపు నీలానికి తిరుగుతుంది. కాకపోతే పాలలోని ప్రొటీన్ కూడా జెలటిన్ చేసిన పనే చేస్తుంది కాబట్టి ముందు దాన్ని విరిచి తీసేయాలి. నేరుగా పాలు పోసి రంగు మారలేదని సర్టిఫికెట్ ఇచ్చేయకండి.

ఇంకో హెచ్చరిక. ఇది బంగారమే కదా, స్వర్ణ భస్మంలా తాగొచ్చా అని అడిగినవాళ్ళు ఉన్నారు. తాగకూడదు, ఒంటికి రాయకూడదు. ఇందులో మిగిలిపోయిన గోల్డ్ క్లోరైడ్ ఉండవచ్చు, ఇది మందుగా తయారు చేసింది కాదు.

పాడైన బ్యాచ్‌లు సింకులో పోయకండి. గోల్డ్ వేస్ట్ అని రాసిన ఒక పెద్ద సీసా పెట్టి, అన్నీ అందులో పోసి గుప్పెడు ఉప్పు వేయండి. రెండు రోజుల్లో బంగారం నల్లగా అడుగుకు దిగుతుంది. పైన నీళ్ళు తేటబడ్డాక పక్కకు తీసి, ల్యాబ్ వేస్ట్ నిబంధనల ప్రకారం పంపండి. అడుగున మిగిలిన నల్లటి పొడిని దాచి పెట్టండి, అది బంగారమే.